పోకర్ టోర్నమెంట్‌లో బ్లఫ్: ఎవరి మీద, ఎప్పుడు, ఎంత

రెండు దసరాల కింద నల్లగొండలో మా పెదనాన్న వాళ్ల డాబా మీద ఒక బ్లఫ్ కొట్టాను. అంత గొప్ప బ్లఫ్ ఇంకోటి ఉండదని అప్పుడు నా నమ్మకం. నడుమ పరిచిన ముక్కలు చూస్తే ఎవరికైనా భయమేయాలి. నా చేతిలో మాత్రం ఏమీ లేదు. వరుసగా రెండుసార్లు బెట్ పెట్టి, చివర్లో ఉన్న చిప్స్ అన్నీ ముందుకు తోసేశాను. ఎదురుగా మా చిన్నాయన. చాయ్ గ్లాసు కింద పెట్టకుండానే "కాల్" అన్నాడు, అంటే నేను పెట్టినన్ని చిప్స్ తనూ పెడతానన్నాడు. ఆయన చేతిలో ఉన్నది నాలుగుల జత.

"అంత ధైర్యంగా ఎట్ల కాల్ చేసినవ్ చిన్నాయనా?"

"జత ఉన్నది గదరా, ఎట్ల పడేస్త?"

ఆ రాత్రి తలకాయ కూర వండిన పెద్ద గిన్నె తోమింది నేనే. తోముతూ తోముతూ నాకు అర్థమైంది ఒక్కటే: బ్లఫ్ పారాలంటే ఎదుటివాడికి చేతిలో ముక్కలు పడేసే అలవాటుండాలి, పడేయడానికి ఒక కారణం కూడా ఉండాలి. ఈ రెండూ లేనిచోట మన ధైర్యం దేనికీ పనికిరాదు. కింద రాసిన మెట్లన్నీ అక్కడి నుంచి వచ్చినవే.

ముందు మా ఆట సంగతి. దసరాకు తొమ్మిది మందిమి కలుస్తాం: పాలమూరు నుంచి మేనబావ, మిర్యాలగూడ నుంచి తమ్ముడు, మిగతావాళ్లు ఊళ్లోవాళ్లే. జమ్మి పెట్టుకుని, పెద్దవాళ్లకు మొక్కి వచ్చాక డాబా ఎక్కుతాం. మనిషికి 10,000 చిప్స్. బ్లైండ్‌లు 100-200తో మొదలై 20 నిమిషాలకోసారి పెరుగుతాయి. చిప్స్ అయిపోతే ఆట నుంచి ఔట్. డబ్బు మాట లేదు. చివరికి మిగిలిన ముగ్గురూ తప్పించుకుంటారు, మిగతా ఆరుగురూ పండగ బోళ్లన్నీ తోమాలి.

డబ్బు ఎందుకు లేదంటే, మన రాష్ట్రంలో అది నేరం కాబట్టి. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్ కేసులో రమ్మీ నైపుణ్యంతో ఆడే ఆట అని సుప్రీంకోర్టు 1967లోనే చెప్పింది. కానీ 1974 నాటి గేమింగ్ చట్టాన్ని తెలంగాణ 2017లో సవరించాక, డబ్బు పెట్టి ఆడితే ఆ వాదన ఇక్కడ నిలబడదు. 2025 ఆగస్టులో కేంద్రం తెచ్చిన చట్టంతో ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటలకు దేశమంతటా నిషేధం వచ్చింది. కాబట్టి ప్లాస్టిక్ చిప్స్, ఇల్లు, బంధువులు. నేర్చుకోవడానికి ఇవి చాలు.

మూడు ముక్కలాట నుంచి వచ్చేవాళ్లకు రెండు మాటలు

మన దగ్గర చాలామంది పోకర్‌కు మూడు ముక్కలాట నుంచే వస్తారు. అక్కడ సీక్వెన్స్ కలర్ కన్నా పెద్దది. పోకర్‌లో అది తిరగబడుతుంది: ఐదు ముక్కల కలర్, అంటే ఫ్లష్, సీక్వెన్స్‌ను (పోకర్‌లో స్ట్రెయిట్ అంటారు) కొడుతుంది. ఇది మరిచిపోయి సీక్వెన్స్‌తో ధీమాగా కూర్చుని మునిగినవాళ్లు మా ఇంట్లోనే ఇద్దరున్నారు.

రెండోది బ్లైండ్ అనే మాట. మూడు ముక్కల్లో బ్లైండ్ అంటే ముక్కలు చూడకుండా తక్కువ రేటుకు ఆడటం. పోకర్‌లో బ్లైండ్ అంటే బటన్ (ముక్కలు పంచేవాడి చోటు) పక్కన కూర్చున్న ఇద్దరూ ముక్కలు పంచకముందే పెట్టి తీరాల్సిన చిప్స్. ఒకరిది స్మాల్ బ్లైండ్, ఇంకొకరిది బిగ్ బ్లైండ్. కొన్ని రౌండ్ల తర్వాత బిగ్ బ్లైండ్‌లో ఉన్నవాడు ఆంటీ అని ఇంకో వాటా కూడా పెడతాడు.

అసలు తేడా వేరే ఉంది. మూడు ముక్కల్లో మీ ముక్కలు ఎవరికీ కనబడవు, ఏ అబద్ధమైనా అతుకుతుంది. టెక్సాస్ హోల్డెమ్‌లో చేతికి రెండే ముక్కలు. ఫ్లాప్‌లో మూడు, టర్న్‌లో ఒకటి, రివర్‌లో ఒకటి, ఈ ఐదూ అందరి ముందూ పరిచి ఉంటాయి. మీ అబద్ధం వాటితో కలవాలి.

మొదటి మెట్టు: చిప్స్‌ను బిగ్ బ్లైండ్‌లలో లెక్కపెట్టండి

15,000 చిప్స్ ఉన్నాయంటే ఏమీ తెలియదు. బ్లైండ్‌లు 100-200 ఉన్నప్పుడు అవి 75 బిగ్ బ్లైండ్‌లు. 500-1,000కు వచ్చేసరికి అవే 15. బ్లఫ్‌కు ఈ లెక్కే ఆధారం.

బ్లైండ్‌లు 500-1,000, ఆంటీ 1,000 అనుకుందాం. ఎవరూ కదలకముందే నడుమ 2,500 ఉంటాయి. మీ దగ్గర 5,000 మాత్రమే మిగిలాయి, అన్నీ తోసేశారు. మిగతావాళ్లు పడేశారు. బిగ్ బ్లైండ్‌లో ఉన్నవాడు ఇప్పటికే 1,000 పెట్టాడు కాబట్టి ఇంకో 4,000 పెడితే చాలు, గెలిస్తే నడుమ ఉన్న 7,500 అతనివే. నూటికి 35 సార్లు గెలిచినా అతనికి నష్టం లేదు. చేతిలో చెత్త ఉన్నా "పోనీ" అని కాల్ చేస్తాడు, అలా చేయడం తప్పు కూడా కాదు. అదే మీరు 15,000 తోస్తే అతను 14,000 పెట్టాలి, గెలుపు అవకాశం నూటికి 44 పైన ఉండాలి. పైగా ఓడితే అతని టోర్నమెంటే అయిపోవచ్చు. ఇప్పుడు ఆలోచిస్తాడు.

నేను పెట్టుకున్న హద్దులివి. 8 బిగ్ బ్లైండ్‌ల లోపు ఉంటే బ్లఫ్ అనే మాటే మరిచిపోతాను, బాగున్న ముక్కలతో తోయడమే. 10 నుంచి 20 దాకా ఒకే ఒక్క తోపు, అదీ ముక్కలు పంచగానే. 20 నుంచి 40 దాకా రెండు బెట్‌ల కథ నడపొచ్చు. 40 దాటితేనే ఫ్లాప్, టర్న్, రివర్ మూడు చోట్లా కొట్టే బ్లఫ్‌కు చిప్స్ సరిపోతాయి.

ఎదుటివాడి చిప్స్ కూడా ఇలాగే చూడాలి. అన్నీ పోగొట్టుకుని మూల కూర్చున్నవాడు ఎలాగూ పోతున్నానని కాల్ చేస్తాడు. అందరికన్నా ఎక్కువ పోగేసినవాడు సరదాకి కాల్ చేస్తాడు. నడిమి రకంవాడే బ్లఫ్‌కు దొరుకుతాడు: ఇంకా బతికే ఆశ ఉంది, కాల్ చేసి ఓడితే ఆ ఆశ పోతుంది.

రెండో మెట్టు: మీరు ఆటలో లేనప్పుడు మనుషుల్ని చూడండి

ముక్కలు పడేయగానే అందరూ ఫోన్ తీస్తారు. మీరు తీయకండి. ఎవరు ఫ్లాప్‌లో కాల్ చేసి టర్న్‌లో పడేస్తున్నారు, ఎవరు చివరి దాకా వచ్చి ఏ ముక్కలు చూపిస్తున్నారు, ఇదంతా ఊరికే దొరుకుతుంది. మా తమ్ముడు ఫ్లాప్‌లో ప్రతిసారీ కాల్ చేస్తాడు, టర్న్‌లో పెద్ద బెట్ పడితే మాత్రం నూటికి ఎనభై సార్లు లేచిపోతాడు. వాడి మీద ఫ్లాప్‌లో ఒకే బెట్ పెట్టి ఆపితే చిప్స్ దండగ. రెండో బెట్ పెట్టే ఉద్దేశం ఉంటేనే మొదటిది పెట్టాలి.

చిన్నాయన లాంటి "చూద్దాం" బ్యాచ్ ప్రతి డాబా మీదా ఉంటుంది. వాళ్ల మీద బ్లఫ్ వద్దు, నిజంగా మంచి ముక్కలు వచ్చినప్పుడు పెద్ద బెట్ పెట్టండి. వాళ్లు కట్టేస్తారు.

ఇంకో ఇద్దరి జోలికి పోకండి. ఇప్పుడే పెద్ద పాట్ (నడుమ కూడిన చిప్స్) పోగొట్టుకుని మొహం ఎర్రబడినవాడు ఒకరు. ఇంతకుముందు మీరు బ్లఫ్‌తో పడేయించి, నవ్వుతూ ముక్కలు తిప్పి చూపించారే, ఆయన ఇంకొకరు. ఆయన ఇక రాత్రంతా మిమ్మల్ని కాల్ చేస్తూనే ఉంటాడు. అందుకే బ్లఫ్ పారినా ముక్కలు చూపించకూడదు. ఈ ఒక్క పనీ నాకు ఇప్పటికీ సరిగ్గా చేతకాదు. చూపించాలనే దురద అలాంటిది.

మీ గురించి వాళ్లేమనుకుంటున్నారో కూడా లెక్కే. అరగంట నుంచి నోరు మెదపకుండా ముక్కలు పడేస్తున్నవాడు ఒక్కసారి బెట్ పెంచితే టేబుల్ అంతా నమ్ముతుంది. పది నిమిషాలకోసారి పెంచేవాడిని ఎవరూ నమ్మరు.

మూడో మెట్టు: బ్లైండ్‌లు ఎత్తుకెళ్లడం

టోర్నమెంట్‌లో ఎక్కువసార్లు వాడే బ్లఫ్ ఇదే, అందరికన్నా చవకైనదీ ఇదే. మీరు బటన్‌లో ఉన్నారు, మీ ముందువాళ్లంతా పడేశారు, మిగిలింది బ్లైండ్‌లు పెట్టిన ఇద్దరే. నడుమ 2,500 ఉన్నాయి, మీరు 2,200కు పెంచారు. ఇద్దరూ కలిసి నూటికి 47 సార్లు పడేస్తే చాలు, ఆ తర్వాత ఫ్లాప్ చూడకపోయినా మీకు నష్టం లేదు. చూస్తే అప్పుడప్పుడు గెలుస్తారు కూడా.

దీనికి ఏ ముక్కలైనా ఫర్వాలేదనకండి. ఒక ఆసో రాజో చేతిలో ఉంటే మంచిది. ఒక ఆసు మీ దగ్గర ఉంటే అవతలివాడి దగ్గర ఆసుల జత ఉండే మార్గాలు ఆరు నుంచి మూడుకు పడిపోతాయి. మీ తర్వాత ఆడేవాళ్లు ఇంకా ఐదారుగురు కాచుకుని ఉన్నప్పుడు మాత్రం ఈ పని చేయొద్దు. ఒక్కొక్కరూ నూటికి 60 సార్లు పడేస్తారనుకుంటే, ఇద్దరూ పడేసేది 36 సార్లు, ముగ్గురూ పడేసేది 22 సార్లే. ఫ్లాప్ తర్వాతా ఇదే లెక్క. ముగ్గురు నలుగురు ఉన్న పాట్‌లో బ్లఫ్ కొట్టడమంటే చెరువులో రాయి వేసినట్టే.

నాలుగో మెట్టు: కథ ముక్కలతో కలవాలి

పెబ్బేరు అంగడిలో ఎడ్ల బేరం చూసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. అమ్మేవాడు ఎన్ని కబుర్లైనా చెప్తాడు: దుక్కికి ఎదురు లేదంటాడు, పొడవదంటాడు. కొనేవాడు ఊకొడుతూనే ఎద్దు మూతి పట్టుకుని పళ్లు చూస్తాడు. కడపళ్లు కూడా వచ్చిన ఎద్దును నాలుగు పళ్లదంటే బేరం అక్కడే ఆగిపోతుంది. నడుమ పరిచిన ముక్కలు ఆ పళ్లే. ఎదుటివాడు మీ మాట వినడు, వాటిని చూస్తాడు.

ముక్కలు పంచగానే మీరు పెంచారు, ఒకరు కాల్ చేశారు. ఫ్లాప్‌లో రాజు, 7, 2, మూడూ వేర్వేరు జాతులు. ముందు పెంచిన మీ దగ్గర రాజు ఉండటం సహజం, కాల్ చేసినవాడికి ఈ ముక్కలు తగిలే అవకాశం తక్కువ. ఇక్కడ పాట్‌లో మూడో వంతు బెట్ చాలు. నాలుగింట ఒకసారి పడేసినా గిట్టుబాటే. అదే ఫ్లాప్‌లో 9, 8, 7 వచ్చి, రెండు ఒకే జాతివైతే ఊరుకోండి. ఆ ముక్కలు కాల్ చేసినవాడివి, మీ కథకు అందులో చోటు లేదు.

కథ మధ్యలో మారకూడదు. ఫ్లాప్‌లో, టర్న్‌లో చెక్ చేసి (బెట్ పెట్టకుండా ఊరుకుని), రివర్‌లో మూడో కళావరు పడగానే ఉన్నట్టుండి పాట్ అంత బెట్ పెడితే, ఫ్లష్ కోసం చూస్తున్నవాడు ఇంతసేపు ఊరికే ఎందుకు కూర్చున్నాడని ఎదుటివాడికి అనుమానం వస్తుంది. బ్లఫ్ రివర్‌లో పుట్టకూడదు. ఫ్లాప్‌లోనో టర్న్‌లోనో మొదలవ్వాలి, లేదా ఆ చేతికి మరిచిపోవాలి.

అందుకే అన్నిటికన్నా మంచి బ్లఫ్ సగం బ్లఫ్. ఇప్పటికి చేతిలో ఏమీ లేదు, కానీ వచ్చే ముక్క పడితే గెలుస్తారు. ఫ్లాప్‌లో ఒకే జాతి ముక్కలు నాలుగు కూడితే, ఫ్లష్‌కు ఇంకో 9 ముక్కలు మిగిలి ఉంటాయి. రివర్ దాకా వెళ్తే నూటికి 35 సార్లు తగులుతుంది, ఒక్క ముక్కే మిగిలితే ఐదింట ఒకసారి. ఎదుటివాడు పడేస్తే సరే, పడేయకపోయినా ఇంకో దారి ఉంది.

2003 వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ మెయిన్ ఈవెంట్‌లో, 839 మందిలో చివరికి ఇద్దరే మిగిలినప్పుడు, క్రిస్ మనీమేకర్ శామ్ ఫర్హా మీద కొట్టింది ఇలాంటిదే. మనీమేకర్ చేతిలో ఇస్పేటు రాజు, ఆటీను 7. టర్న్ అయ్యేసరికి నడుమ ఇస్పేటు 9, డైమను 2, ఇస్పేటు 6, ఇస్పేటు 8. ఇటు ఫ్లష్‌కూ అటు స్ట్రెయిట్‌కూ ఒక్కో ముక్క దూరం. రివర్‌లో ఆటీను 3 పడింది, రెండూ పోయాయి. ఆయన ఆగకుండా ఉన్నవన్నీ తోసేశాడు. ఫర్హా దగ్గర తొమ్మిదుల జత ఉంది, అదే పెద్దది కూడా. చాలాసేపు ఆలోచించి పడేశాడు. టర్న్‌లో మొదలైన కథ రివర్‌లో ఆగలేదు. అంతే కాదు, ఇస్పేటు రాజు మనీమేకర్ చేతిలోనే ఉంది కాబట్టి ఫర్హా దగ్గర ఆ రాజుతో ఫ్లష్ ఉండే వీలే లేదు.

ఐదో మెట్టు: ఎంత బెట్

దీనికి ఒకటే సూత్రం. మీ బెట్‌ను, పాట్ ప్లస్ మీ బెట్‌తో భాగించండి. అన్నిసార్లు ఎదుటివాడు పడేయాలి. సగం పాట్ పెడితే మూడింట ఒకసారి, పూర్తి పాట్ పెడితే రెండింట ఒకసారి. చిన్న బెట్‌తో పని జరిగేచోట పెద్దది పెట్టొద్దు. మంచి ముక్కలున్నప్పుడు ఎంత పెడతారో బ్లఫ్‌కూ అంతే పెట్టండి. మా బావకు నిజంగా ఉంటే సగం పాట్, లేకపోతే పాట్ అంతా పెట్టే అలవాటు. మాకు తెలియడానికి రెండు పండగలు పట్టింది.

ఎన్నిసార్లు కొట్టాలంటే, రివర్‌లో పాట్ అంత బెట్ పెట్టే చేతుల్లో మూడింట ఒకటి దాకా బ్లఫ్ ఉండొచ్చు. అంతకు మించితే ఊరికే కాల్ చేసేవాడే బాగుపడతాడు.

ఆరో మెట్టు: బబుల్

ఇంకొకరు పోతే మిగతావాళ్లంతా ఒడ్డున పడతారు అనే ఘట్టాన్ని బబుల్ అంటారు. టోర్నమెంట్ బ్లఫ్‌కు అసలు పంట ఇక్కడే. చిప్స్ విలువ ఇక్కడ సమానం కాదు: గెలిచిన 10,000 ఇచ్చేదాని కన్నా పోయిన 10,000 చేసే నష్టం ఎక్కువ. పోయిన దసరాకు జరిగింది చెప్తాను.

నలుగురం మిగిలాం. నా దగ్గర 31,000, తమ్ముడి దగ్గర 26,000, బావ దగ్గర 24,000, చిన్నాయన దగ్గర 9,000. బ్లైండ్‌లు 500-1,000, ఆంటీ 1,000. నాలుగో స్థానంలో పోయినవాడు బోళ్ల దగ్గరికే. చిన్నాయన ముక్కలు చూసి పడేశాడు. జత పడేదాకా ఆయనా పడేస్తాడు. నేను బటన్‌లో ఇస్పేటు ఆసు, డైమను 5తో 2,200కు పెంచాను. తమ్ముడు పడేశాడు, బిగ్ బ్లైండ్‌లో బావ కాల్ చేశాడు. పాట్ 5,900.

ఫ్లాప్: ఇస్పేటు రాజు, ఇస్పేటు 8, కళావరు 3. నేను 2,000, బావ కాల్. టర్న్‌లో ఇస్పేటు జాకీ. ఇప్పుడు నడుమ మూడు ఇస్పేట్లు, నాలుగోది ఆసు రూపంలో నా చేతిలో. 5,000 పెట్టాను. బావ కొంచెం ఆగి కాల్ చేశాడు. పాట్ 19,900. రివర్‌లో ఆటీను 2. నాకు మిగిలింది ఉత్త ఆసు.

బావ దగ్గర 13,800 ఉన్నాయి. అవన్నీ పెడితే తప్ప కుదరదన్నట్టు తోశాను. ఆయన ముక్కలు ఎత్తి చూశాడు, దించాడు, మళ్లీ ఎత్తాడు. తర్వాత నా మొహం చూడలేదు, చిన్నాయన చిప్స్ వైపు చూశాడు. ఆ చూపు పడగానే పని అయిపోయిందనుకున్నాను. ఇప్పుడు పడేస్తే ఆయనకు 13,800 మిగులుతాయి, చిన్నాయనకు ఉన్నవి 9,000, బ్లైండ్‌లు తిరిగొచ్చే ప్రతిసారీ చిన్నాయనకు 2,500 తరుగుతాయి. ఊరికే కూర్చున్నా గండం గట్టెక్కేలా ఉంది. కాల్ చేసి ఓడితే ఈ క్షణమే పీచు పట్టుకోవాలి. మామూలుగా అయితే నూటికి 29 సార్లు గెలిస్తే చాలిన కాల్ అది.

"పోరా బామ్మర్దీ" అని రాజుల జత పడేశాడు.

చెప్పుకోవడానికి బాగుంటుంది కానీ, ఆ తోపు నాకు అక్కర్లేదు. మా ఆటలో మొదటివాడికీ మూడోవాడికీ ఒకటే బహుమతి. ఇలాంటి టోర్నమెంట్‌ను శాటిలైట్ అంటారు, మనీమేకర్ మెయిన్ ఈవెంట్‌లో సీటు తెచ్చుకుంది కూడా ఆన్‌లైన్ శాటిలైట్ నుంచే. చెక్ చేసి ఆ పాట్ వదిలేసినా నాకు 21,800 ఉండేవి, హాయిగా బయటపడేవాణ్ని. బావ కాల్ చేసి ఉంటే నాకు మిగిలేవి 8,000, చిన్నాయన కన్నా తక్కువ. బబుల్ భయం బావకు ఎంతో నాకూ అంతే ఉండాలి. మొదటి బహుమతి పెద్దదైన మామూలు టోర్నమెంట్‌లో ఆ తోపును సమర్థించుకుంటాను. బోళ్ల టోర్నమెంట్‌లో అది ఉత్త దురద.

బబుల్‌లో తోసేవాడి దగ్గర ఎదుటివాడి కన్నా బాగా ఎక్కువ చిప్స్ ఉండాలి, ఓడినా బతికేంత. ఎదుటివాడి కన్నా తక్కువున్నవాడు ఇంకొకరు టేబుల్ మీద ఉండాలి. అప్పుడే పడేయడానికి అతనికి కారణం దొరుకుతుంది.

మొహం, చేతులు, మాటలు

దీని మీద జనం పెట్టే శ్రద్ధలో సగం కూడా అవసరం లేదు. ప్రతి బెట్‌కూ ఒకే టైం తీసుకోండి, చిప్స్ ఒకే రకంగా పెట్టండి, బెట్ పెట్టాక మాట్లాడకండి. ఎదుటివాడి చేతులు వణుకుతుంటే భయమనుకోకండి. మా డాబా మీద వణికిన చేతుల్లో చాలాసార్లు మంచి ముక్కలే ఉన్నాయి.

రాసుకోండి

నేను ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకున్నాను. బ్లఫ్ కొట్టిన ప్రతిసారీ నాలుగు సంగతులు: ఎవరి మీద, అతనికి ఎన్ని బిగ్ బ్లైండ్‌లు ఉన్నాయి, నేను ఏ ముక్కలు ఉన్నట్టు నటించాను, పడేశాడా లేదా. పారిన బ్లఫ్‌లు కూడా రాయాలి. పారినంత మాత్రాన సరైనదని కాదు, పైన బావ మీద కొట్టినట్టు. చిన్నాయన పేరు మీద ఒక పేజీ ఉంది, అందులో ఒకటే వాక్యం: "జత ఉంటే పడేయడు."

ఈ దసరాకు నేను కిందికి వెళ్లినప్పుడు ఆ పేజీ ఆయన కంట పడిందట. పైకి వచ్చి కూర్చున్న పావుగంటకు నా బెట్ మీద పదుల జత తిప్పి చూపించి మరీ పడేశాడు. "రాసుకో" అన్నాడు. అప్పుడు నా చేతిలో నిజంగానే ఫ్లష్ ఉంది.